ఫ్లెక్సీ వెనక వదిన

బస్సు డిపో క్యాంటీన్లో వంట చేసే ఆవిడని డిపో అంతా వదిన అంటుంది. ఎవరి అన్నగారి భార్యో అడిగితే చెప్పేవాడు లేడు. ఆవిడ మొగుడు డ్రైవరూ కాదు, మెకానిక్కూ కాదు. నాలుగు స్టాపుల అవతల, ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని చిరిగిన జేబులూ తెగిన జిప్పులూ బాగుచేసే దర్జీ. అయినా నిన్నగాక మొన్న చేరిన క్లీనరు నుంచి తల నెరిసిన మెకానిక్కు దాకా అందరికీ ఆవిడ వదినే. ఒక్క పెద్ద కండక్టరు మాత్రం అమ్మాయ్ అంటాడు. ఆయన్ని ఆవిడ బాబాయ్ అంటుంది. ఇద్దరికీ చుట్టరికం ఏమిటంటే, ఆయన తింటాడు, ఆవిడ పెడుతుంది. అంతకంటే ఏమీ లేదు.

అలాంటి మనిషిని, ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో, ఆవిడ మొహమే అడ్డుపెట్టి గోడ వెనక కూర్చోబెట్టారు. ఎవరు, ఎందుకు అన్నది చెప్పుకొస్తుంటేనే ఒళ్లు మండుతుంది. వినేవాళ్లకి మండకపోతే అది చెప్పడంలో లోపం గానీ జరిగినదాంట్లో లోపం కాదు.

ఏడాదిలో మిగతా నెలలు క్యాంటీన్లో ఏదో ఒకటి వండేవారు, ఏదో ఒకటి తినేవారు. చలి తిరిగాక మాత్రం సంగతి వేరు. డ్రైవర్లు పొద్దున్నే అద్దాల మీద మంచు తుడుచుకోవడం మొదలుపెట్టారంటే, ఆ వారంలోనే అటక మీంచి గుండిగ దిగేది. ఇద్దరు మనుషులు చెరో కడియం పట్టుకుని దించాల్సినంత పెద్ద ఇత్తడి గుండిగ, వదిన అత్తగారి నాటిది. అందులో ఉడికేదానికి విడిగా పేరంటూ లేదు. గుమ్మడికాయ ముక్కలుంటాయి, చిలగడదుంపలుంటాయి, అప్పుడే కోతకొచ్చిన చిక్కుడు గింజలుంటాయి, వాన వెలిశాక దొరికే పుట్టగొడుగులుంటాయి. ఒకరోజు ముల్లంగిది పైచెయ్యి, ఇంకోరోజు క్యారెట్టుది. ఉల్లిపాయలు ఎర్రబడేదాకా వేయించి, వెల్లుల్లీ మిరియాలూ దంచి వేసి, సన్నని సెగ మీద పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా మగ్గనిస్తే, ముక్కలు కరిగీ కరగనట్టుగా, గరిట నిలబడేంత చిక్కగా దిగేది. డిపోలో వాళ్లు దాన్ని కూడా గుండిగ అనే అనేవారు. తోడుగా రొట్టె ఇచ్చేది. అది తిని బస్సెక్కితే మళ్లీ సాయంత్రం దాకా స్టీరింగు మీద వేళ్లు కొంకర్లు పోయేవి కావు.

కూరగాయలు వచ్చే తీరు కూడా ఆ డిపోకే చెల్లింది. పొలాల మీదుగా వెళ్లే రూట్లో డ్రైవర్లూ, మార్కెట్టు ముందు ఆగే రూట్లో కండక్టర్లూ, దారిలో ఏది తాజాగా కనబడితే అది సంచిలో వేసుకొచ్చి, వంటింటి కిటికీ బయట వరసగా దిగ్గొట్టిన ఇనప కొక్కేలకి తగిలించి పోయేవారు. ఫలానాది తెమ్మని వదిన అడగలేదు, ఫలానాది తెచ్చానని వాళ్లూ చెప్పలేదు. పొద్దున్నే ఆవిడ వచ్చి కొక్కేల వంక చూసేది. ఇవాళ గుండిగలో ఏం పడాలో అక్కడే తేలిపోయేది. ఆ కిటికీ చాలా పెద్దది, కింద వెడల్పాటి గట్టుతో. వడ్డన కూడా అక్కణ్ణుంచే. వాళ్లు ఆవిడ గరిట తిప్పడం చూస్తూ తినేవారు, ఆవిడ వాళ్లు తినడం చూస్తూ గరిట తిప్పేది.

ఇంత చేసినా, ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు బాగుందన్న పాపాన పోలేదు. "వదినా" అని గిన్నె చాచడం, పోశాక పక్కకి జరగడం, ఖాళీ చేసి మళ్లీ రావడం, అంతే. బాబాయ్ అయితే మరీను. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తీర్పు చెప్పబోయే పెద్దమనిషిలా కాసేపు ఆగి, "ఉప్పు తక్కువైంది అమ్మాయ్" అనేవాడు. రోజూ అదే మాట. ఉప్పు సరిగ్గానే ఉండేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఉప్పు డబ్బా మోచేతి పక్కనే ఉన్నా ఏనాడూ దాన్ని ముట్టుకోలేదు, పైగా రెండోసారి గిన్నె చాచేవాళ్లలో ముందుండేది ఆయనే.

"మెచ్చుకుంటే వీళ్ల నోటి ముత్యాలేమన్నా రాలిపోతాయా" అని వదిన ఇంటికెళ్లి సణుక్కునేది. అత్తగారు మంచం మీద కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తూ నవ్వి ఊరుకునేది. ఆవిడా ఒకప్పుడు ఆ వంటింట్లో గరిట పట్టిన మనిషే. ఇప్పుడు పళ్లన్నీ ఊడిపోయినా నాలుక మాత్రం, రుచి చూడ్డానికైతేనేం, కోడల్ని నాలుగు మాటలనడానికైతేనేం, పదును తగ్గలేదు.

ఆ ఏడాది వానల చివర్లో వదినకి జ్వరం పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. మంచం దిగనివ్వలేదు, గొంతు పోయింది, చివరికి పంచదారకీ ఉప్పుకీ తేడా తెలియకుండా పోయింది. చూడ్డానికొచ్చిన బాబాయ్‌తో, "నా నాలుక చచ్చిపోయింది బాబాయ్" అని ఏడ్చినంత పని చేసింది. ఆయన ఏదో ధైర్యం చెప్పి, తెచ్చిన ఆపిల్ పళ్లు అక్కడ పెట్టి వెళ్లాడు. తరవాత జ్వరం తగ్గింది, రుచీ తిరిగొచ్చింది. ఒకరోజు అత్తగారు పెట్టిన గంజి తాగి, "అత్తయ్యా, ఇది అడుగంటింది" అని వదిన అంటే, ముసలావిడ సంతోషంతో ఇల్లంతా తిరిగింది. గొంతు మాత్రం బొంగురుగానే మిగిలిపోయింది.

డిపోలో మళ్లీ అడుగుపెట్టేసరికి వంటిల్లు వంటిల్లులా లేదు. క్యాంటీన్ని ఏదో కంపెనీకి కాంట్రాక్టుకిచ్చేశారు. పొయ్యిలు తీసేశారు. వాటి చోట నిలువెత్తు స్టీలు యంత్రం, దానికో పైపు, ఆ పైపు గోడలోంచి అవతలికి పోయి అక్కడ కొళాయిలా తేలింది. తిప్పుకుంటే వేడివేడిగా పడుతుంది. చుట్టూ అరలు, అరల నిండా ప్యాకెట్లు, ప్యాకెట్లలో నారింజ రంగు పొడి. పొడిలో గుమ్మడికాయ ఉందో లేదో తెలియదు గానీ, ప్యాకెట్టు మీద గుమ్మడికాయ బొమ్మ మాత్రం నిగనిగలాడుతోంది. గుండిగ ఏదని అడిగితే షెడ్డు వెనక తుక్కు సామాన్ల కుప్ప చూపించారు. దాంట్లో ఎవరో గ్రీజు గుడ్డలు పడేశారు.

ఇదంతా ఒక ఎత్తు, కిటికీ ఒక ఎత్తు. కిటికీకి చెక్క చట్రం బిగించి, దానికి అటువైపు పెద్ద ఫ్లెక్సీ కొట్టారు. వదిన బయటికెళ్లి చూసింది. ఫ్లెక్సీ మీద ఉన్నది తనే. కిందటేడాది ఎవరో డ్రైవరు సరదాగా ఫోనులో తీసిన ఫొటో అది. పెద్ద గుమ్మడికాయని చంటిపిల్లలా చంకనేసుకుని నవ్వుతోంది. కింద గుండ్రటి అక్షరాలతో, 'వదిన చేతి గుండిగ. చలికాలపు ఆత్మీయ రుచి' అని రాసుంది. మొహం తీసుకున్నారు, పిలుపు తీసుకున్నారు, చివరికి గిన్నె పేరు కూడా తీసుకున్నారు. గిన్నె మాత్రం తుక్కులో పారేశారు.

కంపెనీ సూపర్‌వైజరు కుర్రాడేం చెడ్డగా మాట్లాడడు. అదే పెద్ద బాధ, అరిచేవాడైతే అరవొచ్చు. ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడి, "ఇవాళ్టినుంచి ఇదంతా మీ పేరు మీదే నడుస్తుంది ఆంటీ, మీరు సంతోషించాలి" అన్నాడు. లోకమంతా వదిన అంటుంటే వీడొక్కడికి ఆంటీ ఎలా అయ్యానా అని ఆవిడకి అప్పుడే చిర్రెత్తింది. ఆవిడ పనల్లా ప్యాకెట్లు కత్తిరించి యంత్రంలో పొయ్యడం, మీట నొక్కడం. బయటి కూరగాయలు వంటింట్లోకి రాకూడదు. లోపల ఏం జరుగుతోందో బయట అనకూడదు. అంటే కాంట్రాక్టు పోతుందనీ, ఆవిడతోపాటు గిన్నెలు తోమే అక్కాచెల్లెళ్లిద్దరూ ఇంటికి పోవాల్సొస్తుందనీ, వాళ్ల మీద ఎంతో జాలి ఉన్నవాడిలా చెప్పాడు. అక్కాచెల్లెళ్లు తలలు వంచుకుని సింకు ముందు నిలబడ్డారు. వాళ్లని చూసి వదిన నోరు నొక్కుకుంది.

నొక్కుకుంది గానీ లోపల ఒక లెక్క వేసుకుంది. తను చెప్పకూడదు, సరే. వాళ్లకి నాలుకలున్నాయిగా. మొదటి చెంచాకే ఎవడో ఒకడు గిన్నె బల్ల మీద కొట్టి, "ఇదేం గడ్డి?" అంటాడు. పదిమంది పోగవుతారు. అప్పుడు ఈ ఫ్లెక్సీ చించుకుని బయటికొచ్చి, "నేను వండలేదురా నాయనలారా" అనొచ్చు. ఎవడో ఒకడు ముందు కేకెయ్యాలి, అంతవరకే.

మధ్యాహ్నమైంది. మొదటి షిఫ్టు వాళ్లు వచ్చారు. ఫ్లెక్సీ ఇవతల, తన నవ్వుమొహానికి వెనక్కాల, వదిన ఊపిరి బిగబట్టి కూర్చుంది. కొళాయి తిరిగిన చప్పుడు, చెంచాల చప్పుడు. తరవాత ఏ చప్పుడూ లేదు. ఆ తరవాత పొలాల రూటు డ్రైవరు గొంతు, కాస్త గట్టిగానే, "బాగుంది వదినా" అంది.

ఆవిడ విన్నది నమ్మలేదు. ఇంతలో ఇంకో గొంతు, "చాలా బాగుంది." మెకానిక్కులు ఒకరి తరవాత ఒకరు బాగుంది, బాగుంది అనుకుంటూ పోయారు. ఆఖర్న బాబాయ్ గొంతు. "అమృతంలా ఉంది అమ్మాయ్. అన్నీ సరిగ్గా సరిపోయాయి." వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏళ్ల తరబడి ఉల్లిపాయ ఉల్లిపాయకీ కళ్లు మండించుకుని, పొగలో నిలబడి వండిపెడితే ఒక్క మాట రాలని నోళ్లు, ఈ కుడితికి కచేరీ పెడుతున్నాయి. ఇన్నాళ్లూ తను పెట్టింది వీళ్లు తిన్నారా, లేక గొంతులో ఒంపుకున్నారా? గుమ్మడికాయకీ రంగునీళ్లకీ తేడా తెలియని మంద కోసమా అత్తాకోడళ్లం ఇద్దరం నడుములు విరగ్గొట్టుకున్నది?

మర్నాడూ అదే పాట, ఆ పై రోజూ అదే. రోజురోజుకీ పొగడ్త పెరిగింది గానీ తగ్గలేదు. కోపం పట్టలేక ఒకరోజు సీసాలో కాస్త పట్టుకెళ్లి అత్తగారికిచ్చింది. ముసలావిడ చెంచాడు నోట్లో వేసుకుని, మింగడానికి కాస్త కష్టపడి, "పాపం, ఎవరికే ఒంట్లో బాగాలేనిది?" అని అడిగింది. మిషను దగ్గర దర్జీ పెదవి బిగించుకుని నవ్వాపుకున్నాడు. వదినకి నవ్వు రాలేదు. "దీన్నే అమృతం అంటున్నారు అత్తయ్యా, నేను చేశాననుకునే అంటున్నారు" అంది. అత్తగారు లేచి ఆ సీసా పెరట్లో ఒంపేసింది.

కొక్కేల సంగతి ఇంకా అన్యాయం. డ్రైవర్ల చేతులకి అలవాటు పోలేదు. ఫ్లెక్సీ పక్కన ఇంకా సంచులు తగిలిస్తూనే ఉన్నారు. సూపర్‌వైజరు వాటిలోంచి నదురైన గుమ్మడికాయలు ఏరి, మెరవాలని వాటికి వార్నిష్ పూయించి, గేటు దగ్గర మెట్ల మీద అలంకారంగా పేర్పించాడు. తినే కాయకి వార్నిష్! మిగతావి, మట్టి వాసన పోని ముల్లంగులు, లేత క్యారెట్లు, పొద్దున కోసిన పుట్టగొడుగులు, చెత్త డబ్బాలోకి. వదిన ఇంటికెళ్తూ ఆ మెట్ల మీది కాయ ఒకటి గోటితో గీకి చూసింది. గోరు జారిపోయింది. కాయకి కూడా ఫ్లెక్సీ మొహం తగిలించారనుకుంది.

కొళాయి పక్కన గోడకి రెండు మీటలు బిగించారు, ఒకదాని మీద నవ్వుమొహం, ఒకదాని మీద ఏడుపుమొహం. తిన్నవాళ్లు ఏదో ఒకటి నొక్కాలి. నవ్వుమొహం నొక్కితే టింగుమని మోగుతుంది. మధ్యాహ్నమంతా వదినకి ఆ టింగు టింగులే వినబడేవి. ఏడుపుమొహం మోత ఎలా ఉంటుందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఒకరోజు సూపర్‌వైజరు మొహం చాటంత చేసుకుని వచ్చాడు. ఇంత మెప్పు కంపెనీ ఇంకెక్కడా చూడలేదట, అందుకని ఈ సరుకే ఇదే పేరుతో అన్ని డిపోల్లోనూ పెడుతున్నారట. వెనకాలే ఇద్దరు మనుషులు చుట్టలు చుట్టిన ఫ్లెక్సీలు మోసుకొచ్చి గోడకి జారేశారు. ఒకటి విప్పి చూపించాడు. మళ్లీ తనే, మళ్లీ గుమ్మడికాయ, మళ్లీ ఆ నవ్వు.

తన చేతి ముద్ద ఏనాడూ తినని వాళ్లు, తనెవరో తెలియని ఊళ్లవాళ్లు, రేపట్నుంచి ఆ నీళ్లు తాగి ఈ మొహం వంక చూసి, ఈవిడేనా వండింది అనుకుంటారు. "నా బొమ్మ తీసెయ్యి బాబూ. లేకపోతే నా పొయ్యి నాకివ్వు. రెండిట్లో ఏదో ఒకటి చెయ్యి" అంది. "అందరూ మెచ్చుకుంటుంటే మీకేంటి ఆంటీ ఇబ్బంది?" అన్నాడు కుర్రాడు, నిజంగానే అర్థంకాక. మెచ్చుకుంటున్న మాట నిజమేగా. ఆ నిజమే ఆవిణ్ణి తినేస్తోంది.

ఆ సాయంత్రం ఆవిడ ఎక్కిన బస్సులో కండక్టరు బాబాయే. వెనక సీట్లు ఖాళీగా ఉన్నాయి. రాలిన ఆకులు కిటికీలోంచి ఎగిరొచ్చి సీట్ల మధ్య పడుతున్నాయి. ఆయన వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఇవాళ ఎలా ఉంది బాబాయ్?" అని అడిగింది.

"అమృతం అమ్మాయ్."

"ఉప్పు?"

"సరిగ్గా సరిపోయింది."

ఆవిడ ఇక ఆగలేకపోయింది. బొంగురు గొంతుతోనే మీద పడింది. "ఇన్నేళ్లు నా చేత్తో తిన్నావు. ఆ ప్యాకెట్టు నీళ్లు నేను వండాననే అనుకున్నావా? నీకు నాలుక లేదా బాబాయ్?"

బాబాయ్ టిక్కెట్ల సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు. "నాకుంది అమ్మాయ్. నీకే పోయిందనుకున్నాం" అన్నాడు.

తరవాత ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. మొదటి రోజు మొదటి చెంచాకే అందరి మొహాలూ మాడిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుక చచ్చిపోయిందని వదినే ఏడ్చిన సంగతి బాబాయ్ వాళ్లకి చెప్పాడు. పాపం, రుచి తెలియక ఇలా వండుతోంది, కొత్త కంపెనీవాళ్ల చెవిన ఒక్క మాట పడినా వదినని పంపేస్తారు అనుకున్నారు. ఎవరూ వంక పెట్టకూడదని ఒట్టు వేసుకున్నారు. పొలాల రూటు డ్రైవరు ఫ్లెక్సీ దగ్గర నిలబడి గట్టిగా బాగుందనాలి, వెనకున్న వదినకి వినబడాలి. తింటే తిన్నారు, తినలేనివాళ్లు మోరీలో పారబోశారు, కానీ నవ్వుమొహం నొక్కకుండా మాత్రం ఒక్కడూ బయటికి పోలేదు. కిటికీ తెరిచుంటే ఒక్క చూపులో తేలిపోయే సంగతి. ఆ కిటికీలోనే ఆవిడ బొమ్మ నిలబడి అందరికేసీ నవ్వుతుంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు?

వదినకి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అయితే నాలుకలు చచ్చిపోలేదు. ఒక్కటీ చచ్చిపోలేదు. గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. దిగీ దిగగానే ఆ చోటులోకి ఇంకో కోపం వచ్చి కూర్చుంది. "నా మీద జాలా? నేనేమన్నా అడుక్కున్నానా మీ జాలి? వదినా, ఇది బాగాలేదు అని ఒక్కడు నోరు తెరిస్తే, నేనూ తెరిచేదాన్ని కదా. మీరు నొక్కిన నవ్వుమొహాలు చూసే కదా, నా బొమ్మ ఊరూరా కడుతున్నారు" అంది. అన్ని డిపోల సంగతి బాబాయ్‌కి తెలియదు. విని తల పట్టుకున్నాడు. ఆవిడ దిగాల్సిన స్టాపు వచ్చింది. దిగుతూ, "రేపు మధ్యాహ్నం గేటు బయటికి రండి, అందరూ. ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకోండి" అంది.

ఇంటికి వచ్చి అంతా చెప్పింది. దర్జీ సగం కుట్టిన ప్యాంటు అలాగే సూది కింద వదిలేసి, వీధిలో కూరగాయలవాడి తోపుడుబండి అడిగి తెచ్చాడు. ఇద్దరూ వెళ్లి తుక్కు కుప్పలోంచి గుండిగ లాక్కొచ్చారు. అత్తగారు దాన్ని చూసి, గ్రీజు గుడ్డలు పారేసినవాడి ఏడు తరాలనీ వరసగా పలకరించి, కొంగు దోపుకుని బూడిదతో తోమడానికి కూర్చుంది. ఎవరు చెప్పినా లేవలేదు. వదిన అక్కాచెల్లెళ్ల ఇంటికి వెళ్లి, రేపు నేను చేసేదానివల్ల మీ పనికీ ముప్పొస్తుంది, మీరు వద్దంటే ఆగిపోతాను అంది. చెల్లెలు అక్క వంక చూసింది. అక్క, "పొద్దున కొక్కేల మీద సంచులు చెత్తలోకి పోకముందే మేం తెచ్చేస్తాం వదినా. కత్తిపీటలు కూడా తేవాలా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే డిపో గేటుకి ఎదురుగా, ప్రహరీ పక్కన, ఇటుకల పొయ్యి లేచింది. అక్కాచెల్లెళ్లు చిలగడదుంపలు చెక్కు తీశారు. ఉల్లిపాయల వాసన గేటు దాటి లోపలికి పోయింది, షెడ్డులో స్పానర్ల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. అన్నీ ఉన్నాయి, గుమ్మడికాయ ఒక్కటీ లేదు. మెట్ల మీదున్న కాయలన్నీ వార్నిష్ కాయలే. గుమ్మడికాయ లేని గుండిగ ఏం గుండిగ అని వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడుంటే, పొలాల రూటు బస్సు గేటు ముందు ఆగింది. డ్రైవరు తలుపు తీసి, మట్టంటిన కాయ ఒకటి అందించి, ఆవిడ కళ్లలోకి చూడలేక బండి లోపలికి పోనిచ్చాడు. బాబాయ్ అప్పటికే డిపో అంతా చెప్పేశాడన్నమాట.

అన్నీ కుదిరాయి గానీ గాలి కుదరలేదు. ఆకుల్ని ఎగరేసుకుంటూ వస్తున్న చలిగాలి మంటని పక్కకి తోసేస్తోంది. సెగ గుండిగకి తగలడం లేదు. దర్జీ దుప్పటి అడ్డం పట్టుకున్నాడు, చేతులు నొప్పెట్టాయి. మొదటి షిఫ్టు దిగి గేటు దాకా వచ్చిన మెకానిక్కులు అది చూశారు. వాళ్లలో ఇద్దరు వెనక్కి తిరిగి క్యాంటీన్లోకి వెళ్లారు. లోపల్నించి మేకులు పెకలించిన చప్పుడైంది. కాసేపటికి చట్రంతో సహా ఫ్లెక్సీ మోసుకుంటూ వచ్చారు. వెనకాల కిటికీ తెరుచుకుంది; అరలూ ప్యాకెట్లూ స్టీలు యంత్రమూ అందరికీ కనబడ్డాయి. చూడ్డానికి ఎగబడ్డవాళ్లు చూసి, గిన్నెలు పట్టుకుని బయటికొచ్చారు. మెకానిక్కులు ఫ్లెక్సీని గాలి వచ్చే వైపు నిలబెట్టి ఇటుకలు ఆనించారు. బొమ్మ మొహం పొయ్యివైపుకి తిరిగింది. మంట నిటారుగా లేచింది.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. చొక్కా మొదటిసారి నలిగింది. అది కంపెనీ ఆస్తి ఆంటీ, మీరిలా చెయ్యకూడదు అన్నాడు. వదిన గరిట ఆపలేదు.

"ఫ్లెక్సీ మీ కంపెనీదే బాబూ, కాదన్లేదు. మొహం నాది. నా మొహం వరకూ కత్తిరించి నాకిచ్చేసి, మిగతాది పట్టుకుపో. ఊళ్లకి పంపుతానన్నవి కూడా అలాగే పంపు, మొహం లేకుండా."

అతను చుట్టూ చూశాడు. డిపో సగం అక్కడే ఉంది, ఎవరి చేతిలో గిన్నె వాళ్లకుంది. అతను ఫోను చెవికి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి తన ఉద్యోగం పోతుందని వదినకి తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. చుట్టలు చుట్టిన ఫ్లెక్సీల్ని ఏ బస్సూ ఎక్కించుకోదని డ్రైవర్లు తమలో తాము అనుకున్న సంగతి మాత్రం సూపర్‌వైజరుకి ఇంకా తెలియదు.

ఆలస్యంగానైనా గుండిగ దిగింది. గరిట మధ్యలో పెడితే నిలబడింది. వరస కట్టారు. వదిన పోస్తూ ఒక్కొక్కడి మొహం చూసింది. పొలాల రూటు డ్రైవరు తిన్నాడు, బాగుందనలేదు. మెకానిక్కులు తిన్నారు, బాగుందనలేదు. గేటు ముందు అంతమంది ఉన్నా చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఫ్లెక్సీ ఇవతల కూర్చుని ఆవిడ విన్న బాగుందిలన్నీ ఆ నిశ్శబ్దంలో కొట్టుకుపోయాయి. తిన్నవాళ్లు తిన్నట్టే మళ్లీ వరస చివరికి వెళ్లి నిలబడుతున్నారు.

బాబాయ్ వంతు వచ్చింది. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వెనక వరసంతా ఆగిపోయింది. దర్జీ కూడా పొయ్యిలో కట్టె ఎగదోయబోయి ఆగాడు.

"ఉప్పు తక్కువైంది అమ్మాయ్" అన్నాడు, గిన్నె ముందుకు చాస్తూ.

వదిన పొగ వంక పెట్టి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "తేరగా తింటూ వంకలొకటి" అని, ఆ గిన్నె అంచుదాకా పోసింది.